రిమ్ము వెనక ప్లేటు వేస్తే బిల్లు మీద రాయండి

సంపాదకులకు నమస్కారం.

కారుతో వచ్చిన ఇనప రిమ్ములు తీసేసి వెడల్పాటి అలాయ్ వీల్స్ వేయించుకోవడం మన ఊళ్లలో మామూలైపోయింది. అందులో తప్పేమీ లేదు. చిక్కంతా కొత్త రిమ్ము సరిగ్గా కూర్చోనప్పుడు మొదలవుతుంది. టైరు లోపలి అంచు షాకబ్జర్‌కు తగులుతుంది, లేదా రిమ్ము స్పోకులు బ్రేక్ క్యాలిపర్‌కు (డిస్కును నొక్కే బ్రేకు భాగం) రాసుకుంటాయి. అప్పుడు షాపుల్లో చేసే వైద్యం ఒక్కటే. హబ్‌కూ (చక్రం బిగించే ఇరుసు కొస) రిమ్ముకూ మధ్య ఒక అల్యూమినియం ప్లేటు దూర్చి నట్లు బిగించేస్తారు. ఆ ప్లేటే స్పేసర్. చాలాసార్లు కారు యజమానికి దాని సంగతే చెప్పరు, బిల్లులోనూ రాయరు. ఆయన హైవే మీద వంద దాటించి నడుపుతున్నది ఏ అమరిక మీదో ఆయనకే తెలియదు.

స్పేసర్ వేయడమే నేరమని మా వాదన కాదు. మంచి లోహంతో, సరైన కొలతతో, హబ్ గట్టు మీద బిర్రుగా కూర్చునేలా చేసిన ప్లేటు ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టదు. జర్మనీలో కారు మోడల్‌వారీగా వీటికి ధ్రువపత్రాలుంటాయి. చాలా రకాలను వేశాక తనిఖీ చేయించి వాహనం కాగితాల్లో ఎక్కించుకోవాలి. మన దగ్గర జరుగుతున్నది వేరు. ముందు కొలత చూడకుండా రిమ్ము అమ్మేస్తున్నారు, ఆ తర్వాత ఆ పొరపాటును ప్లేటుతో పూడుస్తున్నారు.

కొలత ఎక్కడ తప్పుతోందో చెబుతాం. ఏ అలాయ్ రిమ్ము వెనక చూసినా ఈటీ 45, ఈటీ 38 అని అచ్చు పోసి ఉంటుంది. ఐన్‌ప్రెస్‌టీఫె అనే జర్మన్ మాటకు అది పొట్టి రూపం. షాపుల్లో ఆఫ్‌సెట్ అంటారు. రిమ్ము వెడల్పుకు నట్టనడుమ గీత గీస్తే, హబ్‌కు ఆనే ముఖం ఆ గీత నుంచి బయటి వైపుకు ఎన్ని మి.మీ. ఉందో చెప్పే అంకె అది. అంకె పెరిగే కొద్దీ చక్రం లోపలికి పోతుంది, తగ్గే కొద్దీ బయటికి వస్తుంది. ఈటీ 40 రిమ్ముకు 10 మి.మీ. స్పేసర్ వేస్తే అది ఈటీ 30 రిమ్ము అయినట్టే.

ఒక లెక్క వేసి చూద్దాం. పాత రిమ్ము 5 అంగుళాల వెడల్పు, ఈటీ 45 అనుకోండి. వెడల్పులో సగం 63.5 మి.మీ. దానికి 45 కలిపితే హబ్ ముఖం నుంచి లోపలి వైపు 108.5 మి.మీ. ఆ 63.5లోంచే 45 తీసేస్తే బయటి వైపు 18.5 మి.మీ. కొత్త రిమ్ము 7 అంగుళాలు, ఈటీ 40. సగం 88.9. లోపలికి 128.9, బయటికి 48.9. అంటే షాకబ్జర్ వైపు 20.4 మి.మీ. జరిగింది, మడ్‌గార్డు వైపు 30.4 మి.మీ. బయటికొచ్చింది. షాకబ్జర్‌కు తగులుతోందని 10 మి.మీ. ప్లేటు వేస్తే లోపల ఆ 10 మి.మీ. దొరుకుతుంది గానీ, బయటికి రావడం 40.4కు చేరుతుంది. అయిదుగురు కూర్చుని స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు మడ్‌గార్డు అంచు టైరు భుజాన్ని కోయడం మొదలుపెడుతుంది. అదే 6 అంగుళాల ఈటీ 40 రిమ్ము ఎంచుకుని ఉంటే లోపలికి 7.7, బయటికి 17.7 మాత్రమే జరిగేది. చాలా కార్లకు ప్లేటు అవసరమే పడేది కాదు. టైరు కూడా మారితే, పాత కొత్త టైర్ల వెడల్పు తేడాలో సగం అటూ సగం ఇటూ కలుపుకోవాలి. కాగితం మీద రెండు నిమిషాల పని ఇది. రిమ్ము డబ్బా విప్పకముందే చేయాల్సిన పని.

ఈటీతో పాటు చూడాల్సినవి మరో రెండున్నాయి. మొదటిది పీసీడీ, అంటే నట్ల రంధ్రాలన్నిటి మీదుగా గీసిన వృత్తం వ్యాసం. స్విఫ్ట్‌కూ ఐ20కీ 4×100, ఫిగోకు 4×108, పోలోకు 5×100, ఇన్నోవాకు 5×114.3. ఇక్కడ దగ్గర దగ్గర అంకెలతో సర్దుకోవడం కుదరదు. పాత ఫియట్ పాలియో 4×98. దానికి మార్కెట్లో తేలిగ్గా దొరికే 4×100 రిమ్ము ఎక్కిస్తే రంధ్రానికి ఒక్క మిల్లీమీటరే తేడా. బోల్టులు ఎక్కేస్తాయి, బిగుసుకున్నట్టే అనిపిస్తాయి. కానీ ప్రతి బోల్టు తల శంకువు ఒక పక్కనే ఆని ఉంటుంది, బోల్టు వంగి ఉంటుంది. ఇంత తేడాను మామూలు స్పేసర్ ఏదీ సరిచేయలేదు.

రెండోది సెంటర్ బోర్, రిమ్ము నడిమి రంధ్రం. అసలు కథంతా ఇక్కడే ఉంది కనుక కాస్త నిదానంగా చెబుతాం. చక్రం విప్పి హబ్ చూడండి. స్టడ్ల (నట్లు ఎక్కే మర కడ్డీలు) మధ్యలో గుండ్రంగా ఒక గట్టు బయటికి పొడుచుకుని ఉంటుంది. స్విఫ్ట్‌కు, ఐ20కి దాని వ్యాసం 54.1 మి.మీ., హోండా సిటీకి 56.1, పోలోకు 57.1, ఇన్నోవాకు 60.1. కంపెనీ రిమ్ము ఈ గట్టు మీద గ్లాసుకు మూత పెట్టినట్టు సరిగ్గా కూర్చుంటుంది. చక్రాన్ని నట్టనడుమ నిలబెట్టేది ఆ గట్టే. బయట దొరికే రిమ్ములను అన్ని కార్లకూ పనికొచ్చేలా 67.1, 73.1 లాంటి పెద్ద రంధ్రాలతో చేస్తారు. ఆ ఖాళీని పూడ్చడానికి ప్లాస్టిక్ లేదా అల్యూమినియం రింగు వేస్తారు. ఇంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు గట్టు ఎత్తు వెర్నియర్‌తో కొలవండి. చిన్న కార్లలో ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది, అందులోనూ చివర కొంత ఏటవాలుగా చెక్కి ఉంటుంది. 3 మి.మీ. ప్లేటు వేస్తే రింగుకు ఆనుకోవడానికి ఇంకా గట్టు మిగులుతుంది. 5 మి.మీ. ప్లేటుతో మిగిలేది నామమాత్రం. 10 మి.మీ. ప్లేటు వేస్తే గట్టు మొత్తం దాని కిందే మునిగిపోతుంది, రింగు రిమ్ములో ఉన్నా అది పట్టుకునేందుకు కింద ఏమీ ఉండదు. ఇక చక్రాన్ని మధ్యలో నిలిపే భారం నాలుగు నట్ల శంకువుల మీద పడుతుంది. బిగించేటప్పుడు చక్రం అర మిల్లీమీటరు పక్కకు జారి ఉన్నా కంటికి ఆనదు. ఎనభై, వంద వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. బాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు. ఎందుకంటే బాలెన్సింగ్ మిషను రిమ్మును నడిమి రంధ్రం పట్టుకుని తిప్పుతుంది, కారు మీద రిమ్మును ఆ రంధ్రం దగ్గర పట్టుకున్నది ఏదీ లేదు. మిషను మీద సున్నా చూపిస్తుంది, రోడ్డు మీద వణుకుతుంది. యజమాని టైరును తిడతాడు.

అందుకని 5 మి.మీ. దాటిన ఏ ప్లేటైనా హబ్‌సెంట్రిక్ రకమే కావాలి. లోపలి రంధ్రం మీ కారు హబ్‌కు సరిగ్గా సరిపోవాలి, బయటి ముఖం మీద రిమ్ము కూర్చోవడానికి దానికే ఒక గట్టు ఉండాలి. షాపుల్లో జల్లెడలా రంధ్రాలు, పొడుగాటి గాళ్లు కోసిన ప్లేట్లు దొరుకుతాయి. 4×100కీ, 4×108కీ, 4×114.3కీ అన్నిటికీ ఒకటే ప్లేటు. వాటి నడిమి రంధ్రం ఏ హబ్‌కూ సరిపోదు, గాళ్లు పోగా రిమ్ముకు ఆనే లోహం కొంచెమే మిగులుతుంది. వాటిని వద్దనండి. లేత్ మీద తిప్పించిన ప్లేటైతే మందం కనీసం ఆరు చోట్ల కొలవండి. 140 మి.మీ. వ్యాసమున్న ప్లేటు ఒక పక్క 0.2 మి.మీ. మందం ఎక్కువైతే, 600 మి.మీ. ఎత్తున్న టైరు అంచు దగ్గర ఆ తేడా దాదాపు 0.9 మి.మీ. ఊగుగా మారుతుంది. లోహం కూడా తెలిసి ఉండాలి. 6061-టీ6 లాంటి గ్రేడు అల్యూమినియంతో చేసినది వేరు, తుక్కు కరిగించి పోత పోసినది వేరు. ఒకదానిపై ఒకటి రెండు ప్లేట్లు పేర్చడం, ప్లేటు దొరకలేదని స్టడ్లకు వాషర్లు తొడిగి వాటి మీద రిమ్ము ఎక్కించడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. వాషర్ల మీద రిమ్ము నిలబడేది నాలుగు చిన్న చుక్కల మీద.

ఇక మరలు. తొడిగే రకం ప్లేటు ఎంత మందముంటే స్టడ్డు అంత పొట్టిదైనట్టే. మారుతి కార్ల స్టడ్లు ఎం12, మరకు 1.25 మి.మీ. హ్యుందాయ్, హోండా, టయోటాలవి ఎం12, మరకు 1.5. అంటే 5 మి.మీ. ప్లేటు స్విఫ్ట్‌లో నట్టుకు సరిగ్గా 4 చుట్లు తినేస్తుంది, ఐ20లో మూడు చుట్లకు పైన. నట్టు కనీసం స్టడ్డు వ్యాసమంత లోతుకైనా మరల మీద పట్టాలి. ఎం12కు 12 మి.మీ. కావాలి కనుక 1.25 మరకైతే 10 చుట్లు, 1.5 మరకైతే 8 చుట్లు. చూసుకోవడానికి పనిముట్లేవీ అక్కర్లేదు. నట్టును చేత్తోనే పట్టించి, రిమ్ముకు ఆనేదాకా ఎన్ని పూర్తి చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. మొదటి మర కొస అరిగి ఉంటుంది కనుక ఒక చుట్టు తీసేయండి. 10 రావాల్సిన చోట 6 వస్తే ఆ బండిని అక్కడి నుంచి కదలనివ్వకండి. ఆరు చుట్లతోనూ నట్టు గట్టిగానే బిగుస్తుంది, నట్లు బిగించే గన్ శబ్దమూ అలాగే వస్తుంది. మరలు తెగేది ఆ రోజు కాదు. తర్వాతెప్పుడో, నిండు లోడుతో గుంతలో పడ్డప్పుడు తెగుతాయి.

చుట్లు చాలకపోతే రెండు దారులున్నాయి. ఒకటి, పొడుగు స్టడ్లు వేయించడం. స్టడ్డు మెడ దగ్గర పళ్లున్న భాగం ఉంటుంది, హబ్ రంధ్రాన్ని కరిచి పట్టేది అదే. దాని వ్యాసం పాతదానికి అచ్చంగా సరిపోవాలి. కాస్త సన్నదైతే నట్టు విప్పేటప్పుడు స్టడ్డు మొత్తం గుండ్రంగా తిరుగుతుంది, చక్రం ఊడిరాదు. సుత్తితో కొట్టి దింపకుండా ప్రెస్‌తోనే కూర్చోబెట్టాలి. సుత్తి దెబ్బలు హబ్ బేరింగ్‌కు తగులుతాయి. రెండో దారి బోల్ట్‌ఆన్ రకం. దాన్ని కారు స్టడ్లకు ప్రత్యేక నట్లతో బిగిస్తారు, రిమ్ముకు ప్లేటులోనే వేరే స్టడ్లుంటాయి. ఆ స్టడ్లు 10.9 బలం గ్రేడువి కావాలి. ఈ రకం సాధారణంగా 15 మి.మీ. నుంచి పైన దొరుకుతుంది. పలచటి వాటిలో ఒక ఉచ్చు ఉంది. కారు పాత స్టడ్ల కొసలు ప్లేటు ముఖం దాటి బయటికొస్తాయి. రిమ్ము వెనక ఆ కొసలు దూరే గుంటలు లేకపోతే రిమ్ము ప్లేటుకు ఆనదు, స్టడ్డు కొసల మీద నిలబడుతుంది. ముందుగా రిమ్మును వట్టిగా ఆనించి, చుట్టూ పలచని ఫీలర్ గేజి (సందు కొలిచే రేకు) దూరుతుందేమో చూడాలి. ఎక్కడ దూరినా ఆ ప్లేటు ఆ రిమ్ముకు పనికిరాదు.

పోలో, ర్యాపిడ్ లాంటి కార్లలో స్టడ్లుండవు, ఎం14 బోల్టులు వస్తాయి. వాటికి ప్లేటు ఎంత మందమైతే బోల్టు పాతదానికన్నా సరిగ్గా అంత ఎక్కువ పొడుగు కావాలి. పొట్టిదైతే మరలు చాలవు. మరీ పొడుగైనా ముప్పే. వెనక డ్రమ్ముల్లో బోల్టు కొస హబ్ దాటి బ్రేక్ సామాను దగ్గరికి వెళ్తుంది. బిగించాక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. ఎక్కడైనా టిక్కుమని శబ్దం వస్తే వెంటనే విప్పండి.

అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యం జరిగేది ఆనే ముఖాల దగ్గర. ఎం12 స్టడ్డును 100 న్యూటన్ మీటర్లు బిగిస్తే అది దాదాపు 4 టన్నుల బలంతో రిమ్మును హబ్‌కు అదుముతుంది. నాలుగు స్టడ్లకు 16 టన్నులు. కారు బరువునూ, బ్రేకు దెబ్బనూ మోసేది ఈ అదుములో పుట్టే రాపిడే. స్టడ్డు కడ్డీలా అడ్డంగా నిలబడి మోయడం లేదు. అంత బలం రావడానికి స్టడ్డు సాగేది ఎంతో తెలుసా? ఒక మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కొత్త రిమ్ము వెనక రంగు పొరే 0.06 నుంచి 0.1 మి.మీ. దాకా మందం ఉంటుంది. హబ్ మీద తుప్పు పెళ్లలు, ప్లేటుకు రెండు వైపులా కొత్త ముఖాలు, రిమ్ము మీద రంగు. ఇవన్నీ కలిపి కొద్దిగా నలిగినా స్టడ్డు సాగుదల సగం పోతుంది, దాంతో అదుమూ సగం పోతుంది. స్పేసర్ వేసిన బండికి 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు మళ్లీ టార్క్ రెంచితో (బిగింపు ఎంతో కొలిచే స్పానర్) బిగించాలని చెప్పేది అందుకే.

అదుము తగ్గిన చక్రం వెంటనే ఊడిపోదు. ప్రతి చుట్టుకూ వెంట్రుక వాసిలో కదులుతుంది. ఆ కదలికకు ప్లేటు చుట్టూ నల్లటి పొడి రాలుతుంది, అది అల్యూమినియం అరిగిన మసి. నట్ల చుట్టూ తుప్పు రంగు చారలు దిగుతాయి. లోపల స్టడ్డు వంగుతూ లేస్తూ ఉంటుంది. అలా విరిగిన స్టడ్డును చేతిలోకి తీసుకుని కొస చూస్తే కథంతా అక్కడే రాసి ఉంటుంది. ఒక అంచు నుంచి లోపలికి నున్నగా, అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద మిగిలే గీతల్లా వంపు తిరిగిన చారలుంటాయి. బీటు కొంచెం కొంచెంగా పాకిన గుర్తులవి. చివర్లో మిగిలిన చిన్న భాగం మాత్రం గరుకుగా, బూడిద రంగులో ఉంటుంది. ఆఖరి దెబ్బకు ఒక్కసారిగా తెగింది అదొక్కటే. అంటే ఎన్నో రోజుల ముందే మొదలైన బీటు అది. మధ్యలో ఒక్కసారి బిగింపు చూసుకుని ఉంటే ఆగేది.

బిగించే పద్ధతి కూడా రాస్తాం, షాపులో పక్కన నిలబడి చూసుకోవచ్చు. హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా గీకాలి. డిస్కును పట్టే చిన్న స్క్రూ తల గానీ, స్టడ్డు మీద ఫ్యాక్టరీలో వేసిన రేకు బిళ్ల గానీ ముఖం మీద పొడుచుకుని ఉంటే ముందు దాని సంగతి చూడాలి. లేకపోతే ప్లేటు దాని మీదే ఊగుతూ కూర్చుంటుంది. గట్టుకు పలచగా గ్రీజు పూయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది తప్పనిసరి. అక్కడ ఇనుము, అల్యూమినియం పట్టుకుపోయి ఆ తర్వాత ప్లేటు ఊడి రాదు. మరలకు మాత్రం గ్రీజు వద్దు. గ్రీజు పూసిన మర మీద అదే టార్క్‌కు స్టడ్డు మూడో వంతు దాకా ఎక్కువ సాగుతుంది. చక్రం గాల్లో ఉండగానే నట్లన్నీ చేత్తో పట్టించి, ఎదురెదురుగా సగం బిగించి, జాకీ దించాక పూర్తి టార్క్ ఇవ్వాలి. ఎం12 స్టడ్లున్న చాలా కార్లకు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. పోలోకు 120. మీ కారుకు ఎంతో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. 70 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల ఎల్ స్పానర్ కొస మీద ఎక్కి నిలబడితే 200 దాటుతుంది. దానికి ఎం12 స్టడ్డు మళ్లీ వెనక్కి రానంతగా సాగే హద్దుకు చేరుతుంది. గన్‌తో బరబరా బిగిస్తే ఎంత పడిందో బిగించినవాడికీ తెలియదు.

నట్టు రకం కూడా చూడాలి. బయటి అలాయ్‌లు ఎక్కువగా 60 డిగ్రీల శంకువు నట్లకు చేసినవి. హోండా, ఫోక్స్‌వాగెన్ కంపెనీ నట్లు, బోల్టులు గుండ్రటి అడుగుతో వస్తాయి, టయోటా అలాయ్ నట్లు చదును వాషరుతో. ఒకదాని స్థానంలో ఇంకొకటి వేస్తే సన్నటి గీత మీదే ఆనుతాయి.

చక్రం ఎక్కాక స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, లోపల షాకబ్జర్‌కూ టైరుకూ మధ్య ఖాళీ చూడండి. పిల్లలు ఆడుకునే బంకమట్టి చిన్న ఉండ చేసి షాకబ్జర్‌కు అంటించి, ఒక చుట్టు తిరిగి వస్తే ఎంత మిగిలిందో అదే చెబుతుంది. కనీసం 4, 5 మి.మీ. ఉండాలి. క్యాలిపర్ దగ్గర రిమ్ము లోపలి గోడకు అంటించిన బాలెన్సింగ్ వెయిట్లను మరవకండి. రిమ్ముకు ఖాళీ ఉన్నా వెయిట్‌కు ఉండకపోవచ్చు.

ప్లేటు మందం పెరిగితే స్టీరింగ్ కూడా మారుతుంది. ముందు చక్రం స్టీరింగ్‌కు తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటుకూ, టైరు నడుమ నేలను తాకే చోటుకూ మధ్య దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో దీన్ని సున్నాకు దగ్గరగానో, కొంచెం లోపలి వైపుకో ఉంచుతారు. బ్రేకు లైన్లు మూలలకు ఏటవాలుగా పంచి ఉంటాయి. ఒక లైను పోయి ముందు ఒక్క చక్రమే బ్రేకు పట్టినా కారు పక్కకు లాగకుండా కాపాడేది ఈ అమరికే. 20 మి.మీ. ప్లేటు వేస్తే స్క్రబ్ రేడియస్ అంతకంత బయటికి జరుగుతుంది. గుంతల్లో స్టీరింగ్ చేతికి కొడుతుంది, ఒక పక్క ఇసుక ఉన్న రోడ్డు మీద బ్రేకు వేస్తే కారు పక్కకు లాగుతుంది. అలైన్‌మెంట్ మిషను మీద టో, క్యాంబర్ లాంటి చక్రాల వాలు కొలతలన్నీ పచ్చగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఆ మిషను సాధారణంగా స్క్రబ్‌ను చూపదు. బేరింగ్ బాల్స్ బయటి వరస మీద కూడా భారం పెరుగుతుంది. అందుకే మా లెక్కలో రోజువారీ కారుకు 3 మి.మీ. ప్లేటు క్యాలిపర్ ఖాళీ కోసం వేస్తే సబబు. 10 మి.మీ. అవసరమైందంటే రిమ్ము మార్చడమే సబబు.

ఇక దారిలో పంక్చరైతే ఏమవుతుంది? రాత్రిపూట హైవే పక్క పంక్చర్ షాపు కుర్రాడికి రిమ్ము కనిపిస్తుంది గానీ ప్లేటు కనిపించదు. చక్రం లాగినప్పుడు ప్లేటు రిమ్ము వెనక అంటుకుని వస్తుంది, మట్టిలో పడుతుంది. తుడవకుండా తొడుగుతాడు, లేదా తొడగడమే మరిచిపోతాడు. ప్లేటు లేకుండా తిరిగితే టైరు షాకబ్జర్‌ను కోస్తూ పోతుంది. బోల్టుల కార్లలో స్పేర్ చక్రానికి పాత పొట్టి బోల్టులే కావాలి, అవి డిక్కీలో ఉండాలి. యజమానికే ప్లేటు సంగతి తెలియకపోతే ఇవన్నీ ఎవరు చూస్తారు?

చట్టం సంగతి కూడా ఒక మాట. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళకు చెందిన కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణలో 182ఎ సెక్షన్‌ను తిరగరాశారు. చట్టం అనుమతించని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఈ శిక్ష యజమానికి పడుతుంది, ప్లేటు వేసిన షాపుకు కాదు. తనకు తెలియకుండా వేసిన ప్లేటుకు ఆయన జవాబు చెప్పుకోవాల్సి రావడం అన్యాయం.

రిమ్ములమ్మే షాపులవారిని మేం కోరేది ఇది. బిల్లు మీద అయిదు సంగతులు రాయండి. పీసీడీ, సెంటర్ బోర్, వెడల్పు, ఈటీ, ప్లేటు వేస్తే దాని మందమూ రకమూ. ఒక్క వరుసలో పడుతుంది. రాయాల్సి వస్తే కొలవాల్సి వస్తుంది, కొలిస్తే సగం ప్లేట్ల అవసరమే రాదు. రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ ఈ వరుసను తప్పనిసరి చేయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదని మా అభిప్రాయం, ఒక ఆదేశం చాలు.

ఇప్పటికే బయటి అలాయ్‌లు వేయించుకున్నవారు ఈ ఆదివారం ఇంటి ముందు ఒక పని చేయండి. ఫోను టార్చి వేసి రిమ్ము స్పోకుల మధ్యలోంచి డిస్కుకూ రిమ్ముకూ నడుమ చూడండి. అక్కడ వెండి రంగు గీత కనిపిస్తే ప్లేటు ఉన్నట్టు. అప్పుడు బండిని నేల మీదే ఉంచి, ఒక్క నట్టు వదులు చేసి, చేత్తో తిప్పి బయటికి తీస్తూ చుట్లు లెక్కపెట్టండి. మారుతి లాంటి 1.25 మర కార్లయితే 10, 1.5 మర కార్లయితే 8. అంతకన్నా తక్కువ వస్తే ఆ నట్టు మళ్లీ బిగించి, పాత ఇనప రిమ్ములు అటక మీద ఉంటే దింపి, వాటి పాత నట్లతో వాటినే ఎక్కించుకుని షాపుకు వెళ్లండి.

ఇట్లు,
వీల్ అలైన్‌మెంట్, సస్పెన్షన్ పనిలో ఉన్న పాఠకులు,
ఆటోనగర్, విజయవాడ